మార్కు లేని కర్ర (ఏటి ఒడ్డు చరిత్ర – 11)



పోయిన భాగం లంక భూముల మీద రాశాను. అది చదివి నాగాయలంక వైపు నుంచి ఒక తమ్ముడు ఫోన్ చేశాడు. "అక్కా, లంకల గురించి అంత రాశావు, లంకల మొదట్లో వచ్చి పడే కర్ర గురించి ఒక్క ముక్క రాయలేదేంటి? మా నాయనమ్మ వాళ్లు సగం బతుకు ఆ కర్ర మీదే బతికారు" అన్నాడు. సిగ్గేసింది. తెలుగు సాహిత్యంలో డాక్టరేట్ చేసినదాన్ని. కృష్ణానది మీద ఎన్ని పద్యాలు చదివానో లెక్కలేదు. ఆ కృష్ణలో కొట్టుకొచ్చిన కర్రతో వండిన కూడు తిని మా అమ్మ పెరిగింది. ఈ రెండూ ఒకే నది అని నాకెప్పుడూ తోచలేదు. ఈ భాగం ఆ కర్ర గురించే.

మా అమ్మమ్మది దివిసీమలో కరకట్ట పక్క పల్లె. ఊరు కట్టకి అవతల, మా వాడ కట్టకి ఏటివైపు. ఎందుకలా అని అడగక్కర్లేదు, మన ఊళ్ల పటం మనకి తెలిసిందే. శ్రావణంలో ఏరు ఎర్రబడగానే వాడలో ఆడవాళ్లకి కొత్త పని మొదలయ్యేది. తాళ్లు, కొక్కేలు సిద్ధం చేసుకునేవాళ్లు. ఈతొచ్చిన మగపిల్లలు అరటి బోదెలు కట్టి తెప్ప చేసుకునేవాళ్లు. పైనుంచి మానులు, మొద్దులు, వెదుళ్లు, తాడి దుంగలు, ఎవరివో ఇంటి దూలాలు, ఒక్కోసారి నాగలి, ఒక్కోసారి తలుపు చెక్క, అన్నీ కొట్టుకొచ్చేవి. "నీళ్లకంటే ముందు కర్ర వస్తది. నీళ్లు పూర్తిగా పెరిగాక దిగితే దొరికేది తక్కువ, చచ్చేది ఎక్కువ" అనేది అమ్మమ్మ.

ఆ ఆడవాళ్ల మధ్య ఒక కట్టుబాటు ఉండేదట. ఒడ్డుకి లాగిన దుంగకి ఎవరి చీర పేలిక కడితే అది వాళ్లది. పేలిక చూశాక ఇంకొకరు చెయ్యి వెయ్యరు. అక్షరం ముక్క రాని ఆడవాళ్లు రాసుకున్న ఆస్తి చట్టం అది. దాన్ని మీరింది వాడ కాదు, ఊరు. ఒక ఏడాది అమ్మమ్మ, ఇంకో ఇద్దరూ కలిసి ఒక పెద్ద మద్ది మాను పట్టారు. రెండు రోజులు లాగితే ఒడ్డెక్కింది. మూడో రోజు ఒక మోతుబరి పాలేళ్లు ఎడ్లబండితో వచ్చి, "మా గట్టుకి తగిలింది కాబట్టి మాది" అని పేలిక పీకేసి ఎక్కించుకుపోయారు. పాలేళ్లు కూడా మనవాళ్లే. అమ్మమ్మకి ఆ మాను పోయినందుకు కాదు, ఆ పేలిక పీకినందుకు కోపం. మూడేళ్ల కిందట పోయేదాకా ఆ మాట చెప్పేది.

* * *

కృష్ణా డెల్టాని అన్నపూర్ణ అంటారు. అన్నం ఉడకడానికి పుల్ల ఎక్కణ్ణుంచి వచ్చేదో మాత్రం ఏ చరిత్ర పుస్తకమూ చెప్పదు. డెల్టా అంటే వండలి నేల. కొండ లేదు, అడవి లేదు. గట్టు మీద చెట్టు గట్టు ఉన్నవాడిది. పిడకలు చెయ్యాలంటే గొడ్డు ఉండాలి. గడ్డి పశువులకి పోతుంది. భూమి లేనివాడికి బియ్యం కూలిగా దొరికినా పొయ్యిలోకి పుల్ల కూలిగా దొరకదు. గుడివాడలో, బందరులో కట్టెల అడితి ఉంటుంది, అక్కడ తూకం వేసి డబ్బులు అడుగుతారు. ఇక మిగిలింది తుమ్మ కంప, సముద్రం వైపు వాళ్లకి మడ అడవి, ఏటి ఒడ్డు వాళ్లకి వరద కర్ర. ఎవడి గట్టు మీదా మొలవని కర్ర అదొక్కటే. ఎవడినీ దణ్ణం పెట్టి అడగక్కర్లేని కర్ర అదొక్కటే.

ఈ డెల్టాకి కర్రతో ఉన్న సంబంధం పొయ్యితోనే అయిపోదు. పెడన కలంకారీ అద్దకానికి అచ్చులు టేకు కర్రతో చెక్కుతారు, గుడ్డ ఉడకబెట్టడానికి కట్టెలు కావాలి. పదిహేడో శతాబ్దంలో మచిలీపట్నం గోల్కొండ రాజ్యానికి పెద్ద రేవు. డచ్చివాళ్లు, 1611లో ఇంగ్లీషువాళ్లు అక్కడ కోఠీలు పెట్టారు. ఆ రోజుల్లో ఓడలు కట్టే పని నరసాపురం దగ్గర సాగేది, గోదావరి పై అడవుల టేకు అక్కడికి ఏటి మీదే దిగేది. అంటే కొండకీ రేవుకీ మధ్య రోడ్డు నదే. కర్ర తనంతట తాను నడిచొచ్చే రోడ్డు.

ఇంకా వెనక్కి పోదాం. నాగార్జునకొండలో దొరికిన ఇక్ష్వాకుల కాలపు శాసనాల్లో బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం ఒకటుంది. తాను ఎక్కడెక్కడ ఏం కట్టించిందో ఆమె అందులో చెప్పుకుంది. కంటకసేల మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర కట్టించిన రాతి మండపం కూడా ఆ జాబితాలో ఉంది. కంటకసేల అంటే మన ఘంటసాల. పైన నల్లమల ఒడిలో విజయపురి, కింద సముద్రం అంచున ఘంటసాల రేవు, మధ్యలో కృష్ణ. ఒక స్త్రీ దానం ఈ రెండు కొసలనీ కలిపింది. ఇప్పుడు ఘంటసాల నుంచి సముద్రం మైళ్ల దూరం జరిగిపోయింది. జరిపింది ఎవరు? నది తెచ్చిన మట్టి, ఆ మట్టిని ఆపి పట్టిన కర్రా గడ్డీ. మొదట్లో ఒక దుంగ అడ్డం పడుతుంది, దాని వెనక ఇసక మేట వేస్తుంది, దాని మీద రెల్లు మొలుస్తుంది, కొన్నాళ్లకి అది లంక అవుతుంది. లంక అయ్యాక పట్టాదారు పుట్టుకొస్తాడు. ఈ ఆఖరి ముక్క పోయినసారి చెప్పాను.

1894లో అలెగ్జాండర్ రీ అచ్చు వేసిన నివేదికలో భట్టిప్రోలు, గుడివాడ, ఘంటసాల స్తూపాలు మూడూ ఉన్నాయి. ఆ దిబ్బలకి జనం నోట ఉన్న పేరు లంజదిబ్బ. బుద్ధుడి ధాతువులున్న చోటికి ఆ పేరు ఎలా వచ్చిందో, ఎవరు పెట్టి ఉంటారో మీరే ఆలోచించుకోండి. బుద్ధుడి దిబ్బకి తిట్టు పేరు మిగిల్చిన చోట, వాడ ఆడవాళ్ల కర్రకి పేరే మిగలకపోవడం వింత కాదు.

* * *

ఇప్పుడు సర్కారు సంగతి.

తెల్లదొర అడవిని సొంతం చేసుకోవడం మనకి తెలుసు. ఏట్లో కొట్టుకొచ్చే కర్రని కూడా సొంతం చేసుకున్నాడని చాలామందికి తెలియదు. 1878 భారత అటవీ చట్టం కొట్టుకొచ్చిన కలపకి ఒక అధ్యాయమే కేటాయించింది. 1927 చట్టం దాన్ని కొనసాగించింది, అందులో అది 45వ సెక్షను దగ్గర మొదలవుతుంది. మద్రాసు ప్రెసిడెన్సీకి 1882 నుంచి వేరే అటవీ చట్టం ఉంది గానీ, ఆ రాజ్యం మనసు చదవాలంటే ఈ 45వ సెక్షను చదవాలి. దాని సారం ఇది: నీళ్లలో తేలుతూ గానీ, ఒడ్డున పడి గానీ, మునిగి గానీ కనిపించిన కలప, ఎవరైనా హక్కు రుజువు చేసుకునేదాకా ప్రభుత్వానిది. రిజిస్టరు కాని మార్కు ఉన్నా, మార్కు చెరిగిపోయినా ప్రభుత్వానిది. ప్రభుత్వం చెప్పిన ప్రాంతాల్లో అసలు మార్కే లేని కర్ర మొత్తం ప్రభుత్వానిది.

తర్వాతి సెక్షన్లు ఇంకా ముచ్చటగా ఉంటాయి. అధికారి నోటీసు ఇస్తాడు. హక్కు ఉందనుకున్నవాడు రాతపూర్వకంగా అర్జీ పెట్టుకోవాలి, దానికి రెండు నెలలకు తగ్గకుండా గడువు. గెలిచినా, కర్ర పట్టినందుకు, మోసినందుకు, దాచినందుకు ఖర్చు కట్టాకే చేతికొస్తుంది. కర్ర పట్టే పడవలకి కూడా రిజిస్ట్రేషను రూలు పెట్టుకోవచ్చు. ఆ చట్టం లెక్కలో చెట్టు అంటే మాను ఒక్కటే అనుకునేరు. తాడి, మోడు, పొద, అన్నీ చెట్టే, 2017 దాకా వెదురు కూడా చెట్టే.

ఆ చట్టాన్నీ అమ్మమ్మ పేలికనీ పక్కపక్కన పెట్టి చూడండి. చట్టానికి కావలసింది ఇనప సుత్తితో కొట్టిన మార్కు. ఆ మార్కు ఎవరికి ఉంటుంది? కూపు పాడిన కాంట్రాక్టరుకి, కంపెనీకి, డిపార్టుమెంటుకి. చీర పేలిక మార్కు కాదు. తడిసిన ఒళ్లు మార్కు కాదు. మార్కు లేనివాడు మార్కు లేని కర్ర పడితే అది దొంగతనం. మన దేశంలో ఈ లెక్క అటవీ చట్టం కనిపెట్టింది కాదు. ఎవరి చేతిలోది ఆస్తి, ఎవరి చేతిలోది దొంగసొమ్ము అన్నది పుట్టుకని బట్టి తేల్చే పద్ధతి అంతకు ముందే ఉంది. తెల్లదొర దానికి ఇనప సుత్తి ఇచ్చాడు, అంతే.

* * *

ఇక ఆనకట్టల సంగతికి వద్దాం. ముందు, కర్ర నదిలో ఎలా నడుస్తుందో కొంచెం చెప్పుకోవాలి.

ఒడ్డు కోసుకుపోయినప్పుడు, కొండ చరియ జారినప్పుడు, గాలివానకి చెట్టు కూలినప్పుడు కర్ర నదిలో పడుతుంది. పడగానే కొట్టుకుపోదు. వాగు రాళ్ల మధ్య ఇరుక్కుని నెలలు, ఏళ్లు కూర్చుంటుంది. వరద పెరిగేటప్పుడు లేస్తుంది. అందుకే చాలా నదుల్లో వరద పూర్తిగా పోటెత్తకముందే కర్ర ఎక్కువగా పోతుంది. అమ్మమ్మ చెప్పిన మాటనే ఇప్పుడు శాస్త్రవేత్తలు కెమెరాలు పెట్టి చెబుతున్నారు. అన్ని కర్రలూ ఒకలా తేలవు. వెదురు తేలుతుంది. పచ్చి టేకు మునుగుతుంది. అందుకే బర్మాలో టేకు చెట్టు మొదలు చుట్టూ కోసి, నిలబెట్టే ఎండబెట్టి, ఆ తర్వాత నరికి ఏట్లో వదిలేవాళ్లు. మలుపుల్లో, లంకల మొదట్లో, వంతెన స్తంభాల దగ్గర కర్ర ఆగుతుంది. మిగిలింది సముద్రంలోకి పోతుంది. అక్కడ అలలు కొంత ఒడ్డుకి తెచ్చి పడేస్తాయి, కొంత ఉప్పునీళ్ల పురుగులు తొలిచి తింటాయి, ఆ పురుగుల చుట్టూ, ఆ దుంగల నీడలో చేప చేరుతుంది. నీళ్లలో దుంగ ఉన్నచోట చేప ఉంటుందని మన యానాదులకి ఎవరూ చెప్పక్కర్లేదు.

1852–55 మధ్య బెజవాడ దగ్గర కట్టిన ఆనకట్ట ఈ నడకని పూర్తిగా ఆపలేదు. 1833 కరువు గుంటూరు సీమని ఊడ్చేశాక, కాటన్ ప్రణాళిక మీద కెప్టెన్ ఓర్ కట్టించాడు దాన్ని. అది ఎత్తు తక్కువ రాతి కట్ట. వరదొస్తే నీళ్లు దాని నెత్తి మీంచి దూకేవి, నీళ్లతో పాటు మానులూ దూకేవి. అందుకే ఆనకట్ట వచ్చి నూరేళ్లయినా దివిసీమకి కర్ర వస్తూనే ఉంది. కాలువలు వచ్చాయి, మాగాణి వచ్చింది, భూమి ఉన్నవాడి ఇల్లు పెంకుటిల్లయింది, మనవాళ్లు పాలేళ్లయ్యారు. కర్ర మాత్రం ఏటా వచ్చింది.

1952లో ఆనకట్టకి గండి పడింది. 1957లో దాని స్థానంలో 70 గేట్ల ప్రకాశం బ్యారేజి వచ్చింది. 1955 డిసెంబరు 10న నెహ్రూ నాగార్జున సాగర్‌కి శంకుస్థాపన చేశాడు. 1967 ఆగస్టు 4న ఇందిరా గాంధీ కాలువలకి నీళ్లు వదిలింది. 1963లో మొదలైన శ్రీశైలం 1980ల మొదట్లో పూర్తయింది. 2013లో పులిచింతల. నల్లమల గుండా కృష్ణ పారే దారిని చూడండి: శ్రీశైలం దిగువన అడవిలో పడ్డ మాను సాగర్ జలాశయంలో ఆగుతుంది. శ్రీశైలం పైన పడ్డది శ్రీశైలంలోనే ఆగుతుంది. కొండకీ డెల్టాకీ మధ్య ఉన్న కర్ర రోడ్డు మూసుకుపోయింది.

ఎలా మూసుకుపోతుందో అర్థం కావాలంటే గేటు చూడాలి. గేటు కొంచెం ఎత్తినప్పుడు నీళ్లు దాని కిందనుంచి పోతాయి. తేలేది పైన ఉంటుంది, అది గేటుకి తగిలి అక్కడే తిరుగుతుంది. గేటు నీటి మట్టం దాటి పూర్తిగా లేస్తేనే కర్ర పోతుంది, అది పెద్ద వరదల్లోనే. మిగతా రోజుల్లో జలాశయంలో నీళ్లకి ఉరవడి ఉండదు. గాలి ఎటు తోస్తే కర్ర అటు ఒడ్డుకి చేరుతుంది. నీళ్లు తగ్గితే ఎండుతుంది, పెరిగితే నానుతుంది. నాని నాని బరువెక్కి అడుక్కి పోతుంది. మునిగిపోయిన విజయపురి లోయ మీద ఇప్పుడు ఎన్ని నల్లమల మానులు పడుకుని ఉన్నాయో.

అమెరికాలో కొలరాడో స్టేట్ యూనివర్సిటీకి చెందిన ఎలెన్ వోల్, ఎమిలీ ఇస్కిన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 2021లో జలాశయాల నుంచి బయటికి తీసిన కర్ర లెక్కలు పట్టుకుని ప్రపంచం మొత్తానికి ఒక అంచనా వేశారు. నదుల నుంచి ఏటా 47 లక్షల ఘనపు మీటర్ల పెద్ద కర్ర సముద్రాలకి చేరగలదని వాళ్ల లెక్క. ఆనకట్టలు దానికి అడ్డుపడుతున్నాయని, దాని మీద బతికే తీరమూ సముద్ర జీవాలూ దెబ్బతింటున్నాయని వాళ్ల వాదన. అందులో మన అమ్మమ్మలు లేరు. వాళ్ల లెక్క మనమే రాసుకోవాలి.

* * *

ఇక్కడ ఒక మాట జాగ్రత్తగా చెప్పాలి. ఆనకట్టలన్నీ చెడ్డవని నేను అనడం లేదు. బాబాసాహెబ్ 1942–46 మధ్య వైస్రాయి కౌన్సిల్‌లో లేబర్ మెంబరుగా ఉన్నప్పుడు ఈ దేశపు నీటి విధానానికి పునాది వేశారు. దామోదర్ లోయ పథకం వెనక ఆయన ఉన్నారు. 1945 నవంబరు 8న కటక్‌లో జరిగిన సమావేశంలో ఒరిస్సా నదుల గురించి మాట్లాడుతూ, వరద నీళ్లు ఎక్కువ కావడం శాపం అనుకోవద్దని, ఆ నీళ్లని నిలవ చేసి సాగుకి, కరెంటుకి, పడవల రాకపోకలకి వాడాలని వాదించారు. పడవల రాకపోకలు అన్న మాట గమనించండి. ఆయన బొమ్మలో నది మూసేసిన తలుపు కాదు, నడిచే దారి. ఆ ఏడాదే ఏర్పడిన కేంద్ర సంస్థ పేరులో కూడా సాగుతో పాటు నౌకాయానం ఉంది. మన దగ్గర ఆనకట్టలు సాగునీ కరెంటునీ తీసుకుని దారిని వదిలేశాయి. బందరు కాలువ మీద ఒకప్పుడు పడవలు నడిచేవి. ఇప్పుడు గుర్రపుడెక్క నడుస్తుంది.

సాగర్ వల్ల, డెల్టా కాలువల వల్ల అన్నం పండింది. ఆ అన్నంలో మనకీ కూలి దొరికింది. కాదనను. సాగర్ రాతి కట్టడం. ఆ రాళ్లు మోసిన వేల మందిలో మనవాళ్లు ఎంతమందో ఎవరికి తెలియదు? కానీ లెక్క రెండు వైపులా రాయాలి కదా. ఒక వైపు ఎకరాలు రాశారు, మెగావాట్లు రాశారు. రెండో వైపు ఏం ఆగిపోయిందో రాయలేదు. కర్ర ఆగిపోయింది. ఎవరికి పోయిందో వాళ్లకి పట్టాలు లేవు కాబట్టి నష్టపరిహారం అన్న మాటే పుట్టలేదు. మునిగిన పొలానికి అరకొరగానైనా పరిహారం ఉంది, రాకుండా పోయిన మానుకి ఎవడిస్తాడు?

కర్రతో పాటు ఇంకోటి ఆగింది, అది మట్టి. ఆంధ్రా విశ్వవిద్యాలయం ఆచార్యులు కాకాని నాగేశ్వరరావు బృందం 2010లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, కృష్ణ మోసుకొచ్చే ఒండ్రు 1966–69 నాటికి 90 లక్షల టన్నులు ఉంటే, 2000–05 నాటికి 4 లక్షల టన్నులకి పడిపోయింది. కృష్ణా గోదావరి డెల్టాల తీరం మీద 1965 నుంచి 2008 దాకా నికరంగా 76 చదరపు కిలోమీటర్ల నేల సముద్రంలో కలిసిపోయిందని కూడా వాళ్లు తేల్చారు. ఘంటసాల నుంచి సముద్రాన్ని వెనక్కి నెట్టిన నదే ఇప్పుడు సముద్రానికి ఎదురు నిలవలేకపోతోంది.

ఆ సముద్రం ముందు ఎవరి ఇంటికొస్తుందో మనకి తెలుసు. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెనకి బందరులో, చుట్టుపక్కల 30 వేల మంది పోయారని చరిత్ర. 1977 నవంబరు 19న దివిసీమ. ప్రభుత్వ లెక్కే సుమారు 10 వేలు. సొర్లగొంది పేరు చెబితే ఇప్పటికీ మా అమ్మ గొంతు మారుతుంది. ఆ రాత్రి తాడిచెట్టు దొరికినవాడు బతికాడు. మా అమ్మ మేనత్త ఒక దూలం పట్టుకుని తెల్లారేదాకా తేలి బతికింది. ఆ దూలం ఒకప్పుడు ఏట్లో పట్టిన మద్ది కర్ర అని అమ్మ అంటుంది. నిజమో కాదో తేల్చలేను, కానీ ఆ ఇంట్లో ఇంకో రకం కర్ర ఉండే వీలు లేదు.

ఉప్పెన తర్వాత తీరం వెంట సరుగుడు తోటలు వేశారు, మంచిదే. పొయ్యిలోకి సర్కారు తుమ్మ వచ్చింది. పేరులోనే ఉంది చూడండి, సర్కారు తీసుకున్న కర్రకి బదులు సర్కారు ఇచ్చిన ముళ్లు. 1999లో దీపం పథకం వచ్చింది, 2016లో ఉజ్వల, ఇప్పుడు ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు. గ్యాసు పొయ్యి మన ఆడవాళ్ల ఊపిరితిత్తులకి మేలు చేసింది, అందులో అనుమానం లేదు. అయితే ఒకప్పుడు ఎవరి దయా లేకుండా దొరికింది, ఇప్పుడు పథకంగా దొరుకుతోంది. పథకాన్ని ఎన్నికలకి లెక్క చెబుతారు. ఏరు ఎప్పుడూ ఓటు అడగలేదు.

* * *

2024 సెప్టెంబరు మొదటి వారం మీకు గుర్తుండే ఉంటుంది. ప్రకాశం బ్యారేజి దగ్గర వరద 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2009 అక్టోబరులో వచ్చినదాన్ని కూడా మించింది. లంక ఊళ్లు మునిగాయి. అప్పుడు పైనుంచి కొట్టుకొచ్చి గేట్లకి తగిలింది మద్ది మాను కాదు, ఇనప పడవలు. 67, 69, 70 గేట్ల దగ్గర ఇరుక్కున్నాయి, గేట్ల బరువు దిమ్మెలు దెబ్బతిన్నాయి. వాటిని బయటికి తియ్యడానికి రోజుల తరబడి నానా తంటాలు పడ్డారు. ఆ పడవలు ఎవరివి, ఎందుకు వదిలారు అని రాజకీయం నడిచింది. నాకు ఆ రాజకీయం కాదు, ఇంకోటి కనిపించింది. పాత ఆనకట్ట కాలంలో నది తెచ్చిన కర్ర కింద ఉన్న పేదోడికి వంట చెరకు. ఇప్పుడు నది తెచ్చేది బ్యారేజికి ప్రమాదం. తెచ్చే నది మారలేదు, అందుకునే చేతులు మారాయి.

మా క్లాసులో ఒక పోలిక చెబుతుంటాను. రామాయణంలోనూ భారతంలోనూ దుంగల పోలిక ఒకటుంది: మహాసముద్రంలో రెండు దుంగలు కలుస్తాయి, కొంతసేపటికి విడిపోతాయి, బంధుత్వాలూ అంతే అని. దుఃఖంలో ఉన్నవాడిని ఓదార్చే మాట, బాగుంటుంది. కానీ ఆ దుంగలు ఎక్కడికీ పోవు, నీళ్లు ఎటు తోస్తే అటు. బుద్ధుడు చెప్పిన దుంగ వేరు. సంయుక్త నికాయంలో ఉంది. గంగలో తేలిపోతున్న పెద్ద దుంగని భిక్షువులకి చూపించి, అది ఈ ఒడ్డుకీ ఆ ఒడ్డుకీ తగలకుండా, నడుమ మునగకుండా, గట్టెక్కి పడిపోకుండా, మనుషుల చేతికో అమానుషుల చేతికో చిక్కకుండా, సుడిలో ఇరుక్కోకుండా, లోపల కుళ్లకుండా ఉంటే సముద్రానికే చేరుతుందని చెబుతాడు. ఆ మాటలు పక్కన నిలబడి విన్నవాడు నందుడనే ఒక పశువుల కాపరి. వెంటనే తనకీ ప్రవ్రజ్య ఇమ్మని అడుగుతాడు. పండితులకి చెప్పిన పోలిక పశువుల కాపరికి ముందు తగిలింది, ఎందుకంటే దుంగలు ఎలా ఆగుతాయో ఏటి ఒడ్డు మనిషికి తెలుసు.

బుద్ధుడు ఎనిమిది అడ్డంకులు చెప్పాడు. ఆనకట్ట అందులో లేదు. గేటు ఎత్తితే నీళ్లు పోయి, తేలేది మాత్రం వెనక ఆగిపోయే అడ్డంకి ఆ రోజుల్లో లేదు. మన బతుకుల్లో అలాంటి గేట్లు ఎన్ని చూశాం! కాలేజీ గేటు తెరిచే ఉంటుంది. మనం మాత్రం దాని వెనకే తిరుగుతుంటాం.

సాగర్ కూల్చమని ఎవరూ అడగడం లేదు. అమెరికాలో ఎల్వా నది మీద రెండు పాత ఆనకట్టలు 2011 నుంచి 2014 మధ్య తీసేశారు. దానికోసం దశాబ్దాలు కొట్లాడినవాళ్లలో ఆ నది ఒడ్డు ఆదివాసీలు క్లాలమ్ జాతివాళ్లు ముందున్నారు. ఇసుక, కర్ర మళ్లీ దిగి వచ్చి నది మొగ దగ్గర కొత్త తీరం ఏర్పడింది. మన దగ్గర ఆ పరిస్థితి లేదు, మన కూడు ఆ కాలువల మీదే ఉంది. కానీ అడగగలిగినవి ఉన్నాయి. జలాశయాల నుంచీ బ్యారేజి నుంచీ తీసిన కర్రకి బహిరంగంగా లెక్క చెప్పాలి, అందులో ఏటి ఒడ్డు వాడలకీ, యానాది కాలనీలకీ మొదటి హక్కు ఉండాలి. పైన ఆగిపోతున్న ఒండ్రులో కొంతైనా వరద రోజుల్లో కిందికి వదిలే పద్ధతి ఇంజినీర్లు ఆలోచించాలి. మడ అడవిని కాపాడే పేరుతో దాని మీద బతికేవాళ్లని దొంగల్ని చెయ్యకుండా, 2006 అటవీ హక్కుల చట్టం దివిసీమలో యానాదులకీ, నల్లమలలో చెంచులకీ అమలు కావాలి. ఈ నది పై కొసన వాళ్లు, కింది కొసన మనం. ఇద్దరి చేతిలోదీ మార్కు లేని కర్రే.

ఇంకో పని మీరు చెయ్యొచ్చు. మీ ఇంట్లో డెబ్భై దాటిన అమ్మమ్మో, నాయనమ్మో ఉంటే, వరద కర్ర ఎలా పట్టేవాళ్లో అడగండి. ఆ పనికి, ఆ పనిముట్లకి మీ ఊళ్లో ఏం పేర్లు ఉండేవో అడిగి రాసిపెట్టండి. ఏ నిఘంటువులో ఉన్నాయో లేదో తర్వాత చూద్దాం. అది కూడా ఒక పేలికే. ఇంకెవరూ పీకెయ్యకముందు కట్టేద్దాం.

వచ్చే భాగంలో బందరు కాలువ మీద పడవ లాగిన కూలీల గురించి.

జై భీమ్.